సెప్టెంబర్ 10 ఉత్తరం, 11న హత్యాకాండ: తేదీల చిక్కు

ఉత్తరం మీదున్న తేదీని అది అందిన తేదీ అనుకోవడం వల్లే ఈ చిక్కు. "వలస బండ్ల జోలికి పోవద్దని అమెరికాలోని యూటాలో మోర్మన్ మతపెద్ద బ్రిగమ్ యంగ్ 1857 సెప్టెంబర్ 10న రాశాడు. 11న దక్షిణ యూటాలోని మౌంటెన్ మెడోస్‌లో ఆ వలసదారులను అంతమందిని చంపారు. అంటే సీడర్ సిటీ పెద్ద ఐజక్ హైట్ ఆజ్ఞ ధిక్కరించినట్టేనా?" అని కదా మీరు అడిగింది.

1. వార్తాహరుడి దారి చూడండి. యంగ్‌ను సలహా అడుగుతూ హైట్ రాసిన ఉత్తరంతో జేమ్స్ హాస్లమ్ 7న సీడర్ సిటీలో గుర్రమెక్కాడు. సుమారు 400 కిలోమీటర్లు. 10న యంగ్ ఉన్న సాల్ట్ లేక్ సిటీ చేరాడు.

2. అందరూ వదిలేసేది ఇదే: జవాబు తిరిగి ఎప్పుడు చేరింది? 13న. అప్పటికి సుమారు 120 మంది చనిపోయి రెండు రోజులు. యూటాకు టెలిగ్రాఫ్ వచ్చింది 1861లో. అంతకుముందు యంగ్ ఊళ్లను నడిపిన ఏ ఉత్తరం చదివినా, పక్కన 'అందిన రోజు' అని ఒక గడి గీసుకోండి. మీరు చూసింది యంగ్ కార్యాలయం నకళ్ల పుస్తకంలోని ప్రతి, అందులో ఆ రోజు ఎలాగూ ఉండదు.

3. అలాగని హైట్‌ను వదిలేయకండి. సలహా అడిగి, అది రాకముందే పని కానిచ్చారు. మీ వ్యాసంలో 'ధిక్కరించాడు' కొట్టేసి 'జవాబు కోసం ఆగలేదు' అని రాయండి.