పతకం అంచు చదివావా?

చిరంజీవికి,

నీ కథ అందింది. సైనికుడు పోయాక అతని ముసలి భార్య పతకాన్ని పంటితో కొరికి చూసే చోటు బాగుంది. మిగతాదంతా నాకు ఒళ్లు మండించింది.

1857 తిరుగుబాటులో లక్నో యుద్ధం ముగిసిన మర్నాడే బ్రిటిష్ సేనాని నీల్ దొర నీ సైనికుడి గుండెకు బంగారు పతకం తగిలించాడా? నీల్ 1857 సెప్టెంబర్ 25న, లక్నోలోకి చొరబడిన రోజే, తూటా తగిలి చచ్చాడు. ఆ తిరుగుబాటును అణచినవాళ్లకిచ్చిన పతకం మంజూరైందే 1858లో. పైగా అది వెండిది. తెల్ల రిబ్బను, దాని మీద రెండు ఎర్ర చారలు. ఒకవైపు విక్టోరియా తల. రెండోవైపు సింహం, దాని ముందు జయమాల చాచి నిలబడ్డ బ్రిటానియా, అంటే బ్రిటన్‌ను స్త్రీ రూపంలో చూపే బొమ్మ. అంచున సైనికుడి పేరు, దళం పేరు. నీవాడు మద్రాసు ఫ్యూజిలియర్ల (నీల్ దొర దళమే అది) మనిషి కనుక రిబ్బను మీద తగిలించే 'లక్నో రక్షణ' అన్న వెండి పట్టీ కూడా దక్కాలి. ముట్టడిలో ఉన్నవాళ్లను విడిపించడానికి వెళ్లి, తామే లోపల చిక్కుకుని, నవంబరులో మరో బ్రిటిష్ సేనాని కాంప్‌బెల్ సేన వచ్చేదాకా బయటపడలేకపోయినవాళ్లకు కూడా ఇచ్చిన పట్టీ అది! ఇంత కథ చేతిలో ఉండగా, 'సామ్రాజ్య అహంకారానికి ప్రతీక' అని ఒక్క ముక్కతో చేతులు దులుపుకున్నావు.

ఈ ప్రతీకల జబ్బు పత్రికలు అంటించిందే. ఒక వారపత్రిక సంపాదకుడు నా కథలో రెజిమెంట్ల పేర్లు, ఊళ్ల పేర్లు కొట్టేసి అంతటా 'తెల్లదొరలు' అని అచ్చు వేశాడు. పాఠకుడికి భారమట! మద్రాసులో ప్రూఫులు దిద్దుకుని బతుకుతున్న రోజులు, నోరెత్తలేదు. ఆ పారితోషికం ఇంటి అద్దెకే చెల్లిపోయింది, కోపం మాత్రం ఇప్పటికీ చెల్లలేదు. ఆదివారాలు ఎగ్మూరు మ్యూజియంలో నీల్ కంచు విగ్రహం ముందు నిలబడేవాణ్ని. కాన్పూరులో ఖైదీల చేత నెత్తుటి మరకలు కడిగించి ఉరి తీయించిన మనిషి. ఆ విగ్రహాన్ని మౌంట్ రోడ్డు మీంచి తీసేయాలని 1927లో సత్యాగ్రహం చేసి జైళ్లకు వెళ్లారు. 1937లో గానీ అది కదల్లేదు. 'ఒక క్రూరుడి విగ్రహం' అని రాస్తే ఇందులో ఏం మిగులుతుంది?

వస్తువును ముందు వస్తువుగా చూపించు. అంచు మీద పేరు చదవనిదే ప్రతీక జోలికి పోకు. ఆ ముసలామెకు చదువు వచ్చో రాదో కూడా నువ్వు తేల్చలేదు.

నీల్ సన్నివేశం తీసేసి మళ్లీ పంపు. ఈసారి కాగితానికి ఒకవైపే రాయి.

ఆశీస్సులతో.