నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ సెటప్ విషయమై మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఆఫీసు కంప్యూటర్ల బాధ్యత నీకు అప్పగించారనీ, నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లో బయటపడిన సీవీఈ-2025-49144 (బయటపడ్డ భద్రతా లోపాలకు ఇచ్చే నంబరు ఇది) లోపాన్ని ముందుగా సరిచేయమన్నారనీ రాశావు. అన్నిటిలోనూ కొత్త వెర్షన్ వేస్తే సరిపోతుందా అని అడిగావు. సరిపోదు. ఆ లోపం ఎడిటర్‌లో లేదు, ఎడిటర్‌ను ఇన్‌స్టాల్ చేసే సెటప్ ఫైలులో ఉంది.

8.8.1 వరకు వచ్చిన సెటప్ ఫైళ్లు, మౌస్ కుడి బటన్ నొక్కితే వచ్చే మెనూలో ఎడిటర్ పేరు చేర్చడానికి విండోస్‌కు చెందిన రెగ్‌ఎస్‌వీఆర్32 అనే ప్రోగ్రామును పిలుస్తాయి. పిలవడంలో తప్పు లేదు. ఏ ఫోల్డరులో ఉన్నదాన్ని పిలుస్తున్నదీ చెప్పకుండా ఉత్త పేరుతో పిలవడమే తప్పు. అప్పుడు విండోస్ ముందుగా సెటప్ ఫైలు ఉన్న ఫోల్డరులోనే వెతుకుతుంది. మనమందరం సెటప్‌ను డౌన్‌లోడ్స్ నుంచే నడుపుతాం (నేనూ ఏళ్ల తరబడి అదే చేశాను), అక్కడ ఫైలు పెట్టడానికి మామూలు యూజరుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఎవరైనా అదే పేరుతో మరో ఫైలును అక్కడ పడేసి ఉంటే, నువ్వు అడ్మిన్ పాస్‌వర్డ్ కొట్టి సెటప్ నడిపినప్పుడు అదీ నీ అధికారంతోనే నడుస్తుంది. నమ్మకం కుదరకపోతే, పరీక్షకు ఉంచిన యంత్రంలో, ప్రోగ్రాములు ఏయే ఫైళ్ల కోసం వెతుకుతున్నాయో చూపే ప్రాసెస్ మానిటర్ తెరిచి పాత సెటప్‌ను నడిపి చూడు. డౌన్‌లోడ్స్‌లో రెగ్‌ఎస్‌వీఆర్32 కోసం వెతికి, దొరకలేదని చెప్పే ‘నేమ్ నాట్ ఫౌండ్’ వరుస కనిపిస్తుంది. దొంగకు కావలసిన ఖాళీ అదే.

8.8.2లో పూర్తి చిరునామాతో పిలిచేలా సరిదిద్దారు. అయినా షేర్డ్ ఫోల్డరులోనో, ఎవరి పెన్‌డ్రైవ్‌లోనో పాత సెటప్ ఒక్కటి మిగిలి, రేపు తొందరలో దాన్నే ఎవరైనా అడ్మిన్‌గా నడిపితే కథ మళ్లీ మొదటికి వస్తుంది. కాబట్టి కొత్తది వేయడం కన్నా ముందు పాత సెటప్ ఫైళ్లను వెతికి తీసేయి. విసుగు పుట్టించే పనే, కానీ అసలు పని అదే. కొత్తది తెచ్చేటప్పుడు 8.8.2తో ఆగకు, కొత్త వెర్షన్లు తెచ్చే అప్‌డేటర్ తాను దించుకున్న ఫైలు డిజిటల్ సంతకాన్ని, సర్టిఫికెట్‌ను సరిచూసుకునే కట్టుదిట్టం 8.8.9లో వచ్చింది కనుక అంతకన్నా పాతది వేయవద్దు. దించుకున్న ఫైలు హ్యాష్‌ను (ఫైలుకు వేలిముద్ర లాంటి విలువ) విండోస్‌లో కమాండ్లు కొట్టే పవర్‌షెల్‌లో తీసి, విడుదలతోపాటు ప్రకటించిన ఎస్‌హెచ్‌ఏ-256 విలువతో పోల్చుకో.

సెటప్‌ను నడిపే చోటు గురించి ఒక మాట. డౌన్‌లోడ్స్ వద్దన్నారు కదా అని సీ డ్రైవ్‌లో నేరుగా కొత్త ఫోల్డరు తెరిచేవారిని చూశాను. మామూలు అమరికలో అలాంటి ఫోల్డరులో లాగిన్ అయిన ఇతర యూజర్లు కూడా ఫైళ్లు పెట్టగలరు, కాబట్టి అది డౌన్‌లోడ్స్ కన్నా ఏమంత మేలు కాదు. ప్రోగ్రామ్ ఫైల్స్ లోపల ఖాళీ ఫోల్డరు చేసి, సెటప్ ఒక్కదాన్నే అందులో పెట్టి నడుపు. అడుగడుగునా నొక్కకుండా నిశ్శబ్దంగా ఇన్‌స్టాల్ కావడానికి, కమాండులో సెటప్ పేరు తర్వాత స్లాష్, దాని పక్కన ఇంగ్లిషు పెద్ద ‘ఎస్’ పెట్టాలి; చిన్నది పెడితే పని చేయదు.

మీ షేర్డ్ ఫోల్డరులో ఫైళ్లు మార్చే హక్కు ఎవరెవరికి ఉందో చూసి, ఆ జాబితాతో నాకు జవాబు రాయి.

ఇట్లు,
మామయ్య