చెవిలో హోరు ఉన్నవాళ్ళకి ఏ బల్ల మంచిది?

ప్రశ్న: మాది కడప జిల్లా. నాకు 27 ఏళ్ళు. ఎం.కాం. చేసి, బెంగళూరు పీణ్యలో రేకులు నొక్కే ప్రెస్సుల షెడ్డులో నాలుగేళ్ళు అకౌంట్స్ చూశాను. నా బల్లకీ మిషన్లకీ మధ్య ఒక్క ప్లైవుడ్ గోడే అడ్డం. ఏడాదిగా రెండు చెవుల్లోనూ కీచురాళ్ళ మోత. ఈ.ఎన్.టీ. డాక్టరు ఆడియోగ్రామ్ తీయించి, 4000 హెర్ట్జ్ దగ్గర, అంటే సన్నటి కీచు శబ్దాల దగ్గర, వినికిడి కాస్త పడిపోయిందని, ఈ మోతని టినిటస్ అంటారని చెప్పారు. ఆ పని మానేశాను. ఇప్పుడు రెండు చోట్ల రమ్మంటున్నారు. ఒకటి ఎలక్ట్రానిక్ సిటీలో ఇన్సూరెన్సు కాల్స్ తీసుకునే పని, నైట్ షిఫ్టు, 38,000. రెండోది బసవనగుడిలో ఆడిటరు గారి ఆఫీసు, 26,000. ఆరుగురే ఉంటారు, నాకు లోపలి మూలగది ఇస్తారట, చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం. నెలకి 10,000 ఇంటికి పంపాలి. అమ్మేమో వెల్లుల్లి కాచిన నూనె చెవిలో పోసుకుని ఇంటికొచ్చెయ్యమంటోంది. ఏం చెయ్యమంటారు మేడమ్?
– ఒక పాఠకురాలు, బీటీఎం లేఅవుట్

జవాబు: నాకంటే ముప్పయ్యేళ్ళు చిన్నదానివి కనక నువ్వు అనే రాస్తున్నా. నీ ఉత్తరం చదువుతూ జీతాల దగ్గర ఆగలేదు గానీ, ఆ చీమ చిటుక్కుమనే గది దగ్గర మాత్రం ఆగిపోయాను. నేను బోల్తా పడింది సరిగ్గా అక్కడే.

కుక్కర్ విజిల్ వెయ్యబోయే ముందు సన్నగా సీ మంటుంది చూడు, 2009 నుంచీ నా చెవుల్లో అదే. అప్పట్లో రిచ్‌మండ్ రోడ్డులో ఒక ఆఫీసులో జీతాల సెక్షన్ చూసేదాన్ని. పక్కనే రెండు డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లు, నెలాఖరున చెవులు తూట్లు పొడిచేవి. మా మేనేజరు మంచివాడు. ‘పాపం, మీకు గోల పడదు’ అని నా బల్లని రికార్డు రూములో వేయించాడు. కిటికీ లేదు, ఫ్యాను లేదు, పలకరించే మనిషి లేడు. వారం తిరక్కుండానే ఆ సీ తప్ప లోకంలో ఇంకేమీ లేనట్టయింది. కూడిక మధ్యలో అంకె మరిచిపోయి మళ్ళీ మొదలుపెట్టేదాన్ని. పదకొండో రోజున ఫైళ్ళు చంకన పెట్టుకుని బయటికొచ్చేశాను. ఈసారి ప్రింటర్లకి దూరంగా, రోడ్డువైపు కిటికీ పక్కన కూర్చున్నా. ఆటోల రొద, ఫ్యాను గాలి, కాఫీ కుర్రాడి గ్లాసుల చప్పుడు. చెవిలో జోరీగ ఎగిరిపోలేదు, కానీ నలుగురిలో కలిసిపోయింది.

దీనికి కారణం ఉంది. పెద్ద మోతలకి లోపలి చెవిలోని సన్నటి కేశకణాలు దెబ్బతింటాయి, మళ్ళీ మొలవవు. అక్కణ్ణించి రావలసిన కబురు తగ్గేసరికి, స్టేషను సరిగా అందని రేడియోకి వాల్యూమ్ పెంచినట్టు మెదడు తనవైపు నుంచి పెంచుకుంటుందని, ఆ గరగరే మనకి మోతగా వినబడుతుందని డాక్టర్లు చెబుతారు. చుట్టూ నిశ్శబ్దంగా ఉంటే దానికి పోటీ ఉండదు. అందుకే నీకు రాత్రి లైటు తీశాక ఎక్కువ అనిపిస్తుంటుంది, అవునా?

అలాగని హెడ్‌సెట్ ఉద్యోగానికి పొమ్మనను. 4000 హెర్ట్జ్ దగ్గర లోటంటే స, శ, త లాంటి సన్నటి హల్లులు జారిపోతుంటాయి. పక్క సీట్లలో నలభై మంది మాట్లాడుతుంటే అవతలివాళ్ళ పాలసీ నంబరు అందక నువ్వు వాల్యూమ్ పెంచుతావు. చప్పుడుని డెసిబెల్స్‌లో కొలుస్తారు. చెవికి 85 డెసిబెల్స్ ఎనిమిది గంటలు హద్దని లెక్క. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగానికి పడిపోతుంది. 88 అయితే నాలుగు గంటలు, 91 అయితే రెండే. హెడ్‌సెట్ ఎంత మోత పెడుతోందో చెవికి తెలియదు. దానికి తోడు నైట్ షిఫ్టు. నిద్ర చాలని మర్నాడు నా సీ రెట్టింపు అవుతుంది, అది మాత్రం అనుభవంతో చెబుతున్నా.

అయితే 12,000 తేడా చిన్నదేం కాదు. ఇంటికి పంపేదానికంటే ఎక్కువే. కాబట్టి ఎలక్ట్రానిక్ సిటీ వాళ్ళకి వద్దని చెప్పే ముందు ఒక్క మెయిల్ పెట్టు: పగటి షిఫ్టులో నాన్ వాయిస్ ప్రాసెస్, అంటే క్లెయిమ్ కాగితాలు చూడ్డమో, చాటో, ఏదైనా ఖాళీ ఉందా అని. అకౌంట్స్ తెలిసినదానివి, అడగడంలో తప్పులేదు. ముప్పై రెండో ముప్పై మూడో ఇస్తామన్నా ఆలోచించు. ‘వాయిస్ ఒక్కటే ఉంది’ అంటే బసవనగుడే.

ఇంటర్వ్యూలో టినిటస్ మాట ఎత్తాలా అని నువ్వు అడగలేదు, అయినా చెబుతా. ఆఫర్ లెటర్ చేతికొచ్చేదాకా ఎత్తకు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చెప్పే 21 రకాల్లో టినిటస్ విడిగా లేదు. వినికిడి లోపం కింద రావాలన్నా రెండు చెవుల్లోనూ కనీసం 60 డెసిబెల్స్ లోటు ఉండాలి. నీది అంత కాదు కదా. అంటే చట్టం చూపించి బల్ల మార్పించుకోలేవు, మంచిగా అడిగి మార్పించుకోవాలి. జబ్బు పేరుతో మొదలుపెడితే మా మేనేజరులాగే జాలిపడి ఏ కొట్టుగదిలోనో కూర్చోబెడతారు. ‘నాకు కిటికీ పక్కన బాగుంటుందండీ’ అంటే చాలు.

ఆడిటరు ఆఫీసుకి చేరే ముందు ఒకసారి ఉదయం పదకొండుకి వెళ్ళి, ఆ మూలగదిలో తలుపేసుకుని ఐదు నిమిషాలు కూర్చో. మోత మీదికొస్తే ముందుగదిలో బల్ల అడుగు. అది కుదరకపోతే చిన్న టేబుల్ ఫ్యాను పెట్టుకో. సెప్టెంబరులో టాక్స్ ఆడిట్ల ఒత్తిడికి మోత పెరిగినట్టుంటుంది, జబ్బు ముదిరిందని హడలిపోకు. చెవుల్లో దూది మాత్రం రోజంతా పెట్టుకోకు, బయటి చప్పుళ్ళు తగ్గితే లోపలిది ఇంకా పైకి తేలుతుంది.

మోతని మాయం చేసే మాత్ర ఇంతవరకూ లేదు, ఎవరైనా అమ్మితే కొనకు. దాంతో బతకడం నేర్పే కౌన్సెలింగ్, సీబీటీ అంటారు, నాకు పనికొచ్చింది. మైసూరులో 1965లో పెట్టిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉంది, ఒక రోజు సెలవు పెట్టుకుని వెళ్ళి చూపించుకో. ఎప్పుడైనా మోత ఒక్క చెవికే చేరినా, నాడితో పాటు కొట్టుకున్నా, తల తిరిగినా, వినికిడి ఉన్నట్టుండి పడిపోయినా మాత్రం సెలవు దాకా ఆగకు, ఆ రోజే డాక్టరు దగ్గరికి పరిగెత్తు.

వెల్లుల్లి నూనె కూరలో వేసుకోవడానికి బాగుంటుంది. చెవిలో వద్దని నేను రాశానని మీ అమ్మగారికి ఈ పేజీ చదివి వినిపించు.