దిద్దేవాళ్ళను దూరం చేసుకోకు

విజయవాడ

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దానితోపాటు పంపిన మూడు కథలూ అందాయి. నన్ను మాష్టారూ అని సంబోధించావు. నీకు నేను ఎన్నడూ పాఠం చెప్పలేదు గనుక ఆ పిలుపుకు నాకు పూర్తి అర్హత లేదు గాని, మన వైపు తల నెరిసిన ప్రతి రచయితా ఎవరికో ఒకరికి మాష్టారు కాక తప్పదు కాబట్టి కాదనను. ఒక పత్రిక పోటీలో నీ కథకు బహుమతి వచ్చిందనీ, ఆనాటి నుంచి కలం సాగడం లేదనీ రాశావు. విజయం అంటే ఇదేనా, రాసినది నిలుస్తుందా, ఇంత చిన్న జీవితంలో కథలు రాస్తూ కూర్చోవడానికి అర్థం ఏమిటి, వినయంగా ఉండమని అందరూ చెబుతున్నారు గాని రచయితకు అది నిజంగా అవసరమా అని ఒకే పేజీలో అడిగావు. ఇన్ని ప్రశ్నలకు సరిపడా సమాధానాలు నా దగ్గర లేవు. వీటిలో ఒక్కదాని మీద మాత్రం నాకు గట్టి అభిప్రాయం ఉంది. మిగిలినవి దాని వెంట ఎంతవరకు వస్తే అంతవరకు చూద్దాం.

ఆ ఒక్కటీ వినయం. మన ఆవిష్కరణ సభల్లో "నేనెంతటివాడిని, అంతా మీ అభిమానం" అని మొదలుపెట్టి గంటసేపు తన గురించే మాట్లాడే వక్తలను నీవూ చూసే ఉంటావు. శాలువా కప్పుతున్నప్పుడు తల వంచడం, జ్ఞాపిక అందుకుని చేతులు జోడించడం సభామర్యాదలు. వాటిని పాటించు, తప్పేమీ లేదు. రాతతో మాత్రం వాటికి సంబంధం లేదు. రచయితకు కావలసిన వినయం మరొకటి ఉంది. తాను రాసిన వాక్యం తప్పు కావచ్చునని రాస్తున్నంతసేపూ, అచ్చులో చూసుకున్న తరువాత కూడా, ఒప్పుకోవడానికి సిద్ధంగా ఉండడమే అది. దానిని నేను స్వభావంగా కాక పని చేసే పద్ధతిగానే చూస్తాను. నలుగురిలో ఎంతో అణకువగా కనిపించే మనిషి కాగితం ముందు పరమ మొండి కావచ్చు. నలుగురూ గర్విష్ఠి అనుకునే మనిషి కాగితం ముందు విద్యార్థిలా కూర్చోవచ్చు.

విశ్వనాథ సత్యనారాయణ గారు మా ఊరివారే. నన్నయకు గాని తిక్కనకు గాని దక్కని భాగ్యం తన గురువు చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారికి దక్కిందనీ, ఆ భాగ్యం తనవంటి శిష్యుడు ఉండడమేననీ రామాయణ కల్పవృక్షం అవతారికలో ఆయన చెప్పుకున్నారు. విన్నవాళ్ళు ఈనాటికీ ముక్కున వేలేసుకుంటారు. నాకు ఆ పద్యం చదివినప్పుడల్లా అనిపించేది వేరు. అంతటి మాట అనుకునే చోట కూడా ఆయన తనను శిష్యుడిగానే నిలబెట్టుకున్నారు. తనకు దిద్దినవారు ఒకరున్నారని, ఆ దిద్దుబాటు వల్లనే తాను ఇంతవాడినయ్యానని అంత గర్వంలోనూ మరిచిపోలేదు. 1970 సంవత్సరానికి తెలుగుకు తొలి జ్ఞానపీఠ పురస్కారం తెచ్చిపెట్టింది ఆ కావ్యమే. ఆ గర్వాన్ని అనుకరించాలని సరదాపడేవాళ్ళు మన ఊళ్ళలో చాలామందే ఉన్నారు గాని, ఆ శిష్యరికాన్ని అనుకరించేవాళ్ళు అంతమంది కనిపించరు.

అయితే వినయంగా ఉండమని ఎవరు ఎవరికి చెబుతున్నారన్నది కూడా చూడాలి. గుర్రం జాషువా గారు 1895లో వినుకొండలో పుట్టారు. పట్టుదలతో సంస్కృతాంధ్రాలు నేర్చుకుని ఆయన పద్యం చదివితే, పద్యంలోని గుణదోషాలను వదిలిపెట్టి కులం ఆరా తీసిన సభలు ఉన్నాయి. అటువంటి మనిషితో వినయంగా ఉండమనడం నోరు మూసుకోమనడమే అవుతుంది. ఆయన మూసుకోలేదు. 1941లో వెలువడిన గబ్బిలంలో కథానాయకుడికి గుడిలోకి ప్రవేశం లేదు. ఏ అడ్డూ లేకుండా గుడిలోకి పోగలిగిన గబ్బిలంతో శివుడికి తన గోడు చెప్పి పంపుతాడు. అది ధిక్కారం. ఆ ధిక్కారాన్ని ఎంత నిర్దుష్టమైన పద్యంలో చెప్పారో గమనించు. మనుషుల ముందు వంచడానికి ఇష్టపడని తలను ఆయన విద్య ముందు వంచారు. అందువల్ల నీవు ఆడపిల్లవనో, నీ కులం ఇదనో, నీ ఊరు చిన్నదనో చెప్పి అణిగి ఉండమనే వాళ్ళకు నీవు బదులు చెప్పనక్కరలేదు. నీ కథలో ఫలానా పేజీ నమ్మేటట్లు లేదని చెప్పినవాళ్ళకు మాత్రం బదులు చెప్పాలి, అదీ ఆ పేజీ తిరగరాసి.

ఈ పద్ధతికి మన భాషలో నాకు తెలిసిన అతి పెద్ద ఉదాహరణ ఎఱ్ఱన. పదకొండో శతాబ్దంలో నన్నయ భారతం అరణ్యపర్వంలో, శరత్కాలపు రాత్రుల వర్ణన దగ్గర ఆగిపోయింది. పదమూడో శతాబ్దంలో తిక్కన ఆ మిగులు జోలికి పోకుండా విరాటపర్వం నుంచి అందుకుని చివరిదాకా పూర్తి చేశాడు. నడుమ మిగిలిన ఆ ఖాళీని పద్నాలుగో శతాబ్దంలో, అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి ఆస్థానకవిగా ఉన్న ఎఱ్ఱన పూరించాడు. పూరించి దానిని తన ప్రభువుకు అంకితం చేయలేదు. నన్నయ ప్రభువైన రాజరాజనరేంద్రుడి పేరిటనే, నన్నయ రాసినట్లుగానే ముగించాడు. ఆ భాగం మొదట నన్నయ ధోరణిలో నడిచి, పోనుపోను తిక్కన ధోరణికి చేరుతుంది. ఒకరిని విడిచి మరొకరిలోకి వెళ్ళే పాఠకుడికి ఎక్కడా గతుకు తగలదు. సొంత శక్తి లేక చేసిన పని కాదది. హరివంశం, నృసింహపురాణం రాసినవాడు, ప్రబంధ పరమేశ్వరుడని పేరు పొందినవాడు చేసిన పని. ఇద్దరు మహాకవుల పలుకుబడిని లోతుగా చదివి, ఎక్కడ తాను కనబడాలో, ఎక్కడ కనబడకూడదో నిర్ణయించుకోగలిగినవాడికి తప్ప ఇది సాధ్యపడదు.

నీకు కలం సాగడం లేదన్నావు గనుక ఇదే నీకు నేనిచ్చే అభ్యాసం. నీకు ఇష్టమైన కథకుల్లో ఒకరిని ఎంచుకో. చదవని కథ ఒకటి తీసి, సగం చదివి పుస్తకం మూసి, తరువాతి పేజీ ఆ కథకుడి ధోరణిలో నీవే రాయి. ఆ తరువాత అసలు పేజీ తెరిచి పక్కపక్కన పెట్టుకుని చూడు. నీవు సంభాషణ పెట్టిన చోట ఆయన మౌనంగా దాటి ఉంటాడు, నీవు ఏడిపించిన చోట ఆయన అన్నం వడ్డించి ఉంటాడు. ఎందుకు అలా చేశాడో ఆలోచించిన గంట, ఏ వర్క్‌షాపులో కూర్చున్న రోజు కంటెనైనా ఎక్కువ నేర్పుతుంది. ఇలా చేస్తే సొంత శైలి పోతుందని ఈ మధ్య కొందరు భయపెడుతున్నారు. ఇంత మాత్రానికే పోయే శైలి పోతేనే మంచిది.

ఇక నీ కథలు. మిర్చి యార్డు కథ నాకు నచ్చింది. అందుకే దాని మీదే ఎక్కువ గీతలు పడ్డాయి. గుంటూరులో పెరిగినదానివి గనుక ఆ ఘాటు, మిరపకాయల బస్తాలతో, అదే టిక్కీలతో, బారులు తీరిన లారీలు, కమీషన్ ఏజెంటు గుమాస్తా మాట తీరు చక్కగా పట్టావు. కాని మిరపకాయల తొడిమలు తీసే ఆ ఆడకూలీకి ఇచ్చేది రోజు లెక్కనా, కిలో లెక్కనా? కథ మొత్తం చదివినా నాకు తెలియలేదు. అది తెలియకపోతే, చంటిపిల్లకు పాలివ్వడానికి ఆమె లేచిన ప్రతిసారీ ఎంత నష్టపోతున్నదో పాఠకుడికి తెలియదు. ఆమె కన్నీళ్ళ మీద నీవు ఖర్చు పెట్టిన పేరా చెప్పలేని సంగతిని ఆ ఒక్క లెక్క చెప్పి ఉండేది. మేలు కాయల నుంచి తాలు కాయలను వేరు చేయడంలో ఆమెకున్న నేర్పు నీకూ లేదు, నాకూ లేదు. ఆమెను దీనురాలిగా చూపించే తొందరలో ఆమె పనిమంతురాలన్న సంగతి నీవు వదిలేశావు. వెళ్ళి అడుగు. ఆమె పక్కన కూర్చుని, నీకు తెలియదని ఒప్పుకుని, చెప్పించుకో. తనది కాని బతుకు గురించి రాయకూడదని నేననను; మీ గుంటూరులో ఉండిన బారిస్టరు ఉన్నవ లక్ష్మీనారాయణ గారు జైలులో ఉండగా మాలపల్లి రాశారు, ఆనాటి ప్రభుత్వం దానిని నిషేధించేటంత బలంగా రాశారు. రాసే ముందు ఆ బతుకు దగ్గర చదువుకోవాలని మాత్రమే నేననేది.

బహుమతి సంగతికి వస్తాను. బహుమతి వచ్చిన మరునాటి నుంచి చుట్టుపక్కల వాళ్ళు నీ కథలో తప్పు చెప్పడం మానేస్తారు. కొందరికి మొహమాటం, కొందరికి నీతో పని, కొందరికి బహుమతి వచ్చిందంటే బాగానే ఉండి ఉంటుందన్న నమ్మకం. వాట్సాప్ గ్రూపులో చప్పట్ల బొమ్మలు వరుసగా పడతాయి. వీటివల్ల అహంకారం వస్తుందని పెద్దలు హెచ్చరిస్తారు గాని నాకు ఆ బెంగ లేదు. అహంకారం వచ్చినా, సొంత డబ్బుతో ఐదు వందల ప్రతులు వేసి, అవి ఇంట్లో మంచం కింద పేరుకున్న నాడు దానంతట అదే దిగుతుంది. నా బెంగంతా దిద్దేవాళ్ళు పోతారని. ఒకసారి పోయిన తరువాత వాళ్ళు తిరిగి దొరకడం చాలా కష్టం. నీ కలం ఆగడానికి కారణం కూడా ఇదేనని నా అనుమానం: ఇకమీదట రాసేది బహుమతి కథ కంటె తక్కువగా ఉండకూడదని నీవే ఒక నియమం పెట్టుకుని ఉంటావు, ఆ నియమాన్ని సడలించమని చెప్పేవాళ్ళు నీ దగ్గర లేరు.

నీకు ఏ రకంగానూ రుణపడని ఇద్దరు ముగ్గురు పాఠకులను సంపాదించుకో. "ఇక్కడ నాకు నిద్ర వచ్చింది" అని చెప్పగలిగిన స్నేహితురాలు ఒక్కరున్నా నీవు అదృష్టవంతురాలివి. వాళ్ళు చెబుతున్నప్పుడు వాదించకు, నీ ఉద్దేశం ఏమిటో వివరించకు. పుస్తకం కొన్నవాళ్ళందరి ఇళ్ళకూ వెళ్ళి వివరించలేవు కదా. రాసుకుని, రెండు రోజులు ఆగి, అప్పుడు చూడు. కథ ఎక్కడ కుంటుతున్నదో పాఠకులు దాదాపు ఎప్పుడూ సరిగానే చెబుతారు. ఎలా సరిచేయాలో వాళ్ళు చెప్పిన దానిని మాత్రం అంతగా పట్టించుకోకు, అది నీ పని.

రాసినది నిలుస్తుందా అన్నావు. తెనాలిలో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు గారు 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా చందమామలో పనిచేశారు. సొంత పేరుతో నవలలు, కథలు, వ్యాసాలు విస్తారంగా రాసిన మనిషి, అక్కడ ఎవరెవరో పంపిన కథలను పేరు లేకుండా తిరగరాస్తూ కూర్చున్నారు. ఆ పత్రికలోనే దాసరి సుబ్రహ్మణ్యం గారి ధారావాహికలు కూడా పేరు లేకుండానే వచ్చాయి. వాటికోసం నెలనెలా ఎదురుచూసిన పిల్లలకు రాసినది ఎవరో తెలియదు. నిలవడమంటే పేరు నిలవడం ఒక్కటే కాదని చెప్పడానికి ఇంతకంటె వేరే సాక్ష్యం నాకు అక్కరలేదు. అలాగని పేరు వేయకపోవడాన్ని ఆదర్శంగా చెప్పడం నాకు ఇష్టం లేదు. అది ఆ పత్రిక ఆనవాయితీ, రచయితకు దానివల్ల నష్టమే జరిగింది. నీ కథకు నీ పేరు వేయమని అడుగు, పారితోషికం అడిగి తీసుకో. కావ్యం రాస్తే సుల్తాను బంగారం ఇస్తానని చెప్పి వెండి ఇస్తే పారశీక కవి ఫిరదౌసి ఊరుకోలేదు; ఆ కథను 1932లో కావ్యంగా రాసిన జాషువా గారు కవి పక్షానే నిలబడ్డారు. అడగడం వినయానికి విరుద్ధమని చెప్పేవాళ్ళు సాధారణంగా డబ్బు ఇవ్వవలసినవాళ్ళే అయి ఉంటారు.

నేర్చుకోవడానికి వీలు చిక్కడం లేదని ఒకచోట రాశావు. తెనాలి ప్రాంతానికే చెందిన చక్రపాణి గారు మదనపల్లె క్షయ ఆసుపత్రిలో చికిత్స పొందుతూ బెంగాలీ నేర్చుకుని, శరత్ నవలలను తెలుగులోకి తెచ్చారు. నీకు ఆరోగ్యం ఉంది, ఆదివారాలు ఉన్నాయి. పుస్తకాల కొరత అని కూడా అనలేవు. తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ 1914లో బెజవాడలోనే జరిగింది. అయ్యంకి వెంకటరమణయ్య గారి వంటివారు గ్రంథాలయాలకోసం జీవితాలు ధారపోశారు. కాలువల మీద పడవల్లో పుస్తకాలు వేసుకుని ఊరూరా తిరిగిన కాలం అది. మీ ఊళ్ళో బృందావన్ గార్డెన్స్‌లో అన్నమయ్య గ్రంథాలయం ఉంది. అక్కడ పాత పత్రికల సంపుటాలు అడిగి, ఆనాడు ఎంతో పేరుండి ఈనాడు ఎవరూ చదవని కథకులను కూడా చదువు. వాళ్ళు ఎందుకు వెలిసిపోయారో నీ అంతట నీవే కనిపెట్టు.

జీవితానికి అర్థం ఏమిటన్నదానికి నా దగ్గర సమాధానం లేదు, ఉందనే రచయితలను నేను నమ్మను. కథలో ఆ ప్రశ్నను నేరుగా అడగకపోవడమే మేలు. నీ కథలోని మనిషికి రేపు కట్టవలసిన అద్దె గురించి నిజాయితీగా రాస్తే, పెద్ద ప్రశ్న పిలవకుండానే వచ్చి ఆ గదిలో కూర్చుంటుంది.

మూడు కథలనూ తిరిగి పంపుతున్నాను. రెండోది కథ కాదు, ఉపన్యాసం. దానిని పక్కన పెట్టు. మూడోదానిలో తండ్రి పాత్ర బాగుంది, చివరి పేజీ తీసేస్తే ఇంకా బాగుంటుంది. మిర్చి యార్డు కథను తిరగరాసి దసరా లోపల పంపు. నా గీతల్లో నీకు నచ్చనివి ఉంటే పక్కన నీ కారణం రాయి. కారణం బాగుంటే ఆ గీత నేనే కొట్టేస్తాను. జనవరిలో పుస్తక ప్రదర్శనకు విజయవాడ వస్తే ముందుగా ఒక మాట తెలియజేయి, తీరికగా కూర్చుని మాట్లాడుకుందాం.

నీ శ్రేయోభిలాషి