అల్లుడికి, మెయిల్ తెరిచారన్న లెక్క గురించి

నల్గొండ

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

నిన్న రాత్రి ఫోన్‌లో నీ గొంతు విన్నాక నాకు సరిగా నిద్ర పట్టలేదు. "మామా, కొచ్చి పార్టీ మన మిల్లు ఉప్పుడు బియ్యం కొటేషన్‌ను 11 సార్లు తెరిచింది, సీఆర్‌ఎంలో కళ్ల ముందే కనిపిస్తోంది, అయినా ఆర్డర్ పెట్టట్లేదు. పొద్దున్నే ఫోన్ చేసి 'ఇన్నిసార్లు చూశారు కదా, ఇంకా ఏం ఆలోచిస్తున్నారు' అని అడిగేస్తా" అన్నావు. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో ఫోన్‌లో చెబితే తెగదు. అందుకే కూర్చుని రాస్తున్నా.

ముందు ఆ 11 అనే అంకె ఎక్కడి నుంచి పుట్టిందో చూడు. నువ్వు సీఆర్‌ఎం, అంటే మీ పార్టీల వివరాలన్నీ ఉంచే ఆ సాఫ్ట్‌వేర్, నుంచి మెయిల్ పంపినప్పుడు దాని తోకలో ఒక బొమ్మ అతుక్కుని వెళ్తుంది. వెడల్పు ఒక పిక్సెల్, ఎత్తు ఒక పిక్సెల్. రంగు ఉండదు, కంటికి ఆనదు. ప్రతి మెయిల్‌కీ ఆ బొమ్మ అడ్రస్ వేరు. అవతలి ఫోనో కంప్యూటరో మెయిల్ చూపించడానికి ఆ బొమ్మను సర్వర్ నుంచి అడుగుతుంది. అడిగిన క్షణాన సర్వర్ ఫలానా మెయిల్, ఫలానా టైమ్ అని రాసుకుంటుంది. నీ స్క్రీన్ మీద "తెరిచారు" అని వచ్చేది అదే. బొమ్మ అడిగారన్నంత వరకే దానికి తెలుసు. అడిగింది మనిషో మెషీనో దానికి తెలియదు. చదివారో లేదో అంతకన్నా తెలియదు.

నువ్వు ఆ మెయిల్‌ను ఎవరెవరికి పంపావో గుర్తు తెచ్చుకో. ఓనర్‌కు పంపి, గోడౌన్ మేనేజర్‌నూ అకౌంటెంట్‌నూ కాపీలో పెట్టానన్నావు. ముగ్గురికీ వెళ్లింది ఒకే మెయిల్, ఒకే బొమ్మ. ముగ్గురిలో ఎవరు తెరిచినా లెక్క ఒకే పద్దులో పడుతుంది. అకౌంటెంట్ దాన్ని ఇంకొకరికి ఫార్వర్డ్ చేస్తే, ఆ ఇంకొకరు తెరిచిందీ కొచ్చి ఓనర్ ఖాతాలోకే వస్తుంది. వాళ్లెవరైనా జవాబు రాసి ఉంటే, ఆ జవాబు కింద నీ పాత మెయిల్ కూడా వేలాడుతూ ఉంటుంది కదా, దాన్ని నువ్వు తెరిచినప్పుడు నీ కంప్యూటరే ఆ బొమ్మను అడిగి ఉండొచ్చు. పంపిన మెయిల్‌ను ఎలా వెళ్లిందో అని నువ్వే రెండుసార్లు తెరిచి చూసుకుని ఉంటావు. సిస్టమ్‌ను బట్టి అదీ లెక్కలో పడుతుంది. ఇవన్నీ తీసేస్తే 11లో ఓనర్ చూపు ఎన్నిసార్లు పడిందో నువ్వూ చెప్పలేవు, నేనూ చెప్పలేను.

ఇక ఫోన్లు, మెయిల్ కంపెనీలు చేసే పని వేరే ఉంది. జీమెయిల్ 2013 డిసెంబర్ నుంచి బొమ్మలను తన సొంత సర్వర్ల గుండా తెచ్చి చూపిస్తోంది. అందుకే రిపోర్టులో ఊరి పేరు చూసి నమ్మకు. కొచ్చిలో కూర్చున్న మనిషి తెరిచినా అమెరికాలో ఏదో ఊరు కనిపించొచ్చు. ఆపిల్ వాళ్లు 2021 సెప్టెంబర్‌లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 15తో తమ మెయిల్ యాప్‌కు ఒక రక్షణ తెచ్చారు. అది ఆన్‌లో ఉన్న ఐఫోన్‌లో, మనిషి మెయిల్ ముట్టుకోకపోయినా ఆపిల్ సర్వర్లు బొమ్మలను ముందే తెచ్చి పెట్టుకుంటాయి. ఓనర్ కొడుకు పెళ్లి పనుల్లో ఉండి వారం రోజులు మెయిల్ పెట్టె చూడకపోయినా నీకు "తెరిచారు" అనే వస్తుంది. ఆ రక్షణ వచ్చాక ఓపెన్ రేట్, అంటే పంపినవాటిలో తెరిచినవాటి శాతం, పెరిగిందని సంబరపడ్డ ఆఫీసులను నేను చూశాను. అమ్మకం మాత్రం ఉన్నచోటే ఉంది.

దీనికి పూర్తి ఎదురు సంగతి కూడా ఉంది. నువ్వు జాగ్రత్తపడాల్సింది దీని దగ్గరే. కంప్యూటర్‌లో పాత (క్లాసిక్) అవుట్‌లుక్ వాడేవాళ్లకు బయటి బొమ్మలు మామూలుగా రావు, వాళ్లు అనుమతి ఇస్తేనే వస్తాయి. అట్లాంటి మనిషి నీ రేట్లు అక్షరం అక్షరం చదివినా రిపోర్టులో సున్నానే. మెయిల్ మరీ పెద్దదైతే, 102 కేబీ దాటితే, జీమెయిల్ దాన్ని మధ్యలో కత్తిరించి చూపిస్తుంది. బొమ్మ తోకలో ఉంటుంది కాబట్టి అదీ లెక్కకు రాదు. నువ్వు లారీ దగ్గర నిలబడి సెల్‌లోని జీమెయిల్ నుంచి నేరుగా పంపిన మెయిల్‌కైతే అసలు బొమ్మే అతకదు. నా చేతిలో ఒక పాత పార్టీ ఉండేది. రెండేళ్లలో ఒక్క మెయిల్ తెరిచినట్టు లేదు. ప్రతి నెలా ఆర్డర్ మాత్రం వచ్చేది. "తెరవని వాళ్లను లిస్టులోంచి తీసేద్దాం" అని ఆఫీసులో కుర్రాడు ఒకరు ఆ పేరును కూడా ఎర్రగా గుర్తు పెట్టాడు. నేను చూశాను కాబట్టి ఆగింది. మీ మిల్లులో ఆ పని చేసే ముందు ఆర్డర్ల పుస్తకం పక్కన పెట్టుకుని చూడు నాయనా. ఓపెన్ లేదని ఎవరినీ తీసేయకు. మెయిల్ చేరక వెనక్కి తిరిగొచ్చిన (బౌన్స్ అయిన) అడ్రస్‌ను మాత్రం తీసెయ్, అది నిజంగా చచ్చిన అడ్రస్.

క్లిక్ సంగతి దీనికన్నా నయం. మెయిల్‌లో నువ్వు పెట్టిన లింకును సీఆర్‌ఎం తన అడ్రస్‌తో మారుస్తుంది. అవతలివాళ్లు నొక్కితే ముందు సీఆర్‌ఎం సర్వర్‌కు వెళ్లి, అక్కడ పేరు రాసుకున్నాక అసలు పేజీకి పోతుంది. మనిషి వేలు పెట్టి నొక్కాలి కాబట్టి దీనికి విలువ ఉంది. కానీ పెద్ద కంపెనీల మెయిల్ సర్వర్ల ముందు సెక్యూరిటీ స్కానర్లు కాపలా ఉంటాయి. లోపలికి వచ్చే మెయిల్‌లోని లింకులను అవే ముందు నొక్కి, వైరస్ ఉందా లేదా అని చూస్తాయి. దాన్ని గుర్తుపట్టడం కష్టం కాదు. మెయిల్ అందిన కొన్ని సెకన్లలోనే క్లిక్ పడి ఉంటుంది. ఒకే క్షణంలో అన్ని లింకులూ, చివరికి అన్‌సబ్‌స్క్రైబ్ లింకు కూడా నొక్కినట్టు ఉంటుంది. మనిషి అట్లా నొక్కడు. మనిషి అయితే పావుగంటకో పూటకో ఒక లింకు నొక్కుతాడు, మర్నాడు మళ్లీ అదే నొక్కుతాడు.

అందుకని లింకులను ఊరికే పెట్టకు, ప్రశ్నల్లా పెట్టు. మీ ఉప్పుడు బియ్యం మెయిల్‌లో "మా వెబ్‌సైట్ చూడండి" అని ఒక్కటే లింకు ఉంది. నొక్కినా నీకేం తెలుస్తుంది? తేమ, నూక శాతం చూపే టెస్ట్ రిపోర్టుకు ఒకటి, 26 కిలోల సంచి ఫొటోకు ఒకటి, లారీ కిరాయితో కలిపిన రేటుకు ఒకటి పెట్టు. నూక రిపోర్టు నొక్కినవాడికి నాణ్యత మీద అనుమానం ఉండొచ్చు. కిరాయి నొక్కినవాడు లెక్క వేసుకుంటూ ఉండొచ్చు. ఫోన్ చేసేటప్పుడు ఏ మాట ముందు ఎత్తాలో అప్పుడు నీకు తెలుస్తుంది. రేట్ల పట్టీ పీడీఎఫ్‌ను అటాచ్ చేసి పంపితే అది తెరిచారో లేదో ఎవరూ చెప్పలేరు. అయినా పాత పార్టీలకు అటాచ్ చేసే పంపు. వాళ్లకు అలవాటైనదాన్ని మన లెక్క కోసం మార్చకూడదు.

ఇప్పుడు ఆ ఫోన్ ఎందుకు వద్దన్నానో చెబుతా. నేను హైదరాబాద్‌లో రైస్ మిల్లు మెషినరీ అమ్మే కంపెనీలో ఉన్నప్పుడు ఓపెన్ ట్రాకింగ్ కొత్తగా వచ్చింది. మిర్యాలగూడ దగ్గర ఒక మిల్లు పెద్దాయనకు కొటేషన్ పంపి, రాత్రి 10:40కి తెరిచారని చూసి, పొద్దున్నే ఫోన్ చేసి అదే మాట అనేశాను. అవతల కాసేపు నిశ్శబ్దం. "నా ఇంట్లో నేను రాత్రి ఏం సూస్తున్ననో నీకెట్ల తెల్సు?" అని ఫోన్ పెట్టేశాడు. ఎనిమిది నెలలు మా ఫోన్ ఎత్తలేదు. చివరికి బస్సెక్కి మిల్లుకే వెళ్లాను. ఆవిరి వాసన, కాళ్ల కింద తౌడు. ఆయన నల్లటి పళ్లెంలో పిడికెడు ఉప్పుడు బియ్యం పోసి, గోటితో నూకను ఒక పక్కకు తోస్తూ కూర్చున్నాడు. నా వైపు చూడలేదు. ఒక గింజ పంటి కింద వేసి విరిచి, అప్పుడు అన్నాడు: "రాత్రి ఎవలు ఏం తెరిసిన్రో దాంక తెల్సు నీకు. ఆనాడు మా డ్రయ్యర్ పది రోజుల సంది బందున్నది, అది ఎర్కనా?" ఆ రాత్రి మెయిల్ తెరిచింది ఆయన కాదట, కొడుకు. డ్రయ్యర్ విడిభాగం మా గోడౌన్‌లోనే ఉంది. "మిల్లు ఎట్లా నడుస్తోంది" అని ఒక్క మాట అడిగి ఉంటే ఆ వారమే అమ్మేవాణ్ని.

అప్పటినుంచి నేను ఎవరి దగ్గరా ఓపెన్ మాట ఎత్తలేదు. నువ్వూ ఎత్తకు. కొచ్చికి ఫోన్ చెయ్, తప్పకుండా చెయ్. శాంపిల్ సంచి పంపనా అని అడుగు, లోడు ఎప్పటికి కావాలో అడుగు, పోయినసారి వచ్చిన సరుకులో తేమ ఎట్లా ఉందో అడుగు. మెయిల్ చూశారా అని కూడా అడగొద్దు. చూసి ఉంటే వాళ్లే చెబుతారు.

నీ సీఆర్‌ఎంలో కొన్ని మార్పులు ఈ వారమే చేసుకో. లీడ్ స్కోరులో, అంటే ఏ పార్టీ కొనేలా ఉందో చూసి వేసే మార్కుల్లో, ఒక్కో ఓపెన్‌కు 10 పాయింట్లు వేస్తున్నానన్నావు. దాన్ని సున్నా చెయ్, మరీ మనసొప్పకపోతే 1 చెయ్. క్లిక్‌కు కొంత ఇవ్వు, అదీ మెయిల్ అందిన మొదటి రెండు నిమిషాల్లో పడినవి వదిలేసి. జవాబుకు ఎక్కువ ఇవ్వు, శాంపిల్ అడిగితే అన్నిటికన్నా ఎక్కువ. "మెయిల్ తెరవగానే ఆటోమేటిక్‌గా రెండో మెయిల్ పంపు" అని పెట్టిన రూల్ తీసెయ్. ఐఫోన్ వాడే పార్టీకి అది చదవని మెయిల్ మీద ఇంకో మెయిల్ అవుతుంది.

సీఆర్‌ఎం మార్చి పెట్టే ఆ ట్రాకింగ్ లింకులు సీఆర్‌ఎం కంపెనీ అందరికీ కలిపి ఇచ్చిన డొమైన్ మీద నడుస్తుంటే, మీ మిల్లు డొమైన్ కింద ఒక సబ్‌డొమైన్ పెట్టించు. పక్కవాడు స్పామ్ పంపితే ఆ మచ్చ మనకు అంటుకోదు. మెయిల్‌లో ఒక అడ్రస్ అక్షరాలు కనిపిస్తూ, లోపల లింకు ఇంకోచోటికి పోతుంటే ఫిల్టర్లు మోసమనుకుంటాయి. కాబట్టి అడ్రస్ రాయకుండా "టెస్ట్ రిపోర్టు" అన్న మాటకే లింకు తగిలించు. మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని రుజువు చేసే ఎస్‌పీఎఫ్, డీకేఐఎం, డీమార్క్ సెట్టింగులు మూడూ సరిగా ఉన్నాయో లేదో మీ సిస్టమ్స్ అబ్బాయితో చూపించు. 2024లో జీమెయిల్ అడ్రస్‌లకు రోజుకు 5,000కు పైగా పంపేవాళ్లకు గూగుల్ ఆ మూడింటినీ, ప్రచార మెయిళ్లకు ఒక్క నొక్కుతో అన్‌సబ్‌స్క్రైబ్‌నూ తప్పనిసరి చేసింది. మీరు అంత పంపరు, అయినా చేయించు.

ఇంకొకటి. ఎవరికైనా తెలియకుండా వాళ్ల చేష్టలను మనం రాసుకుంటున్నామంటే, వాళ్లకు ఆ సంగతి చెప్పడం మర్యాద. మన దేశంలో 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది. మీ ప్రైవసీ పేజీలో మెయిల్ ఓపెన్లు, క్లిక్‌లు నమోదు చేస్తామని తేలిక తెలుగులో, ఇంగ్లీషులో రెండు వాక్యాలు రాయించు. ఎవరైనా వద్దంటే వాళ్ల పేరు మీద ట్రాకింగ్ ఆపెయ్. ఒకరిద్దరి లెక్క పోతే పోనీ.

నా మాట ఊరికే నమ్మొద్దు, నీ చేత్తో చేసి చూడు. నీ జీమెయిల్‌కు, అక్క ఐఫోన్‌కు, ఆఫీసు అవుట్‌లుక్‌కు ఒకే మెయిల్‌ను విడివిడిగా పంపు. మొదటిది మామూలుగా తెరువు. అక్కను మెయిల్ ముట్టుకోవద్దని చెప్పు, ఫోన్ మాత్రం చార్జింగ్‌లో, వైఫైలో ఉంచమను. అవుట్‌లుక్‌లో బొమ్మలు రానివ్వకుండా మొత్తం చదువు. ఒక రోజు ఆగి మూడింటి రిపోర్టూ తీసి పక్కపక్కన పెట్టుకో. ఆదివారం ఇక్కడికి వస్తావు కదా, ఆ కాగితాలు పట్టుకురా, కలిసి చూద్దాం. అత్తమ్మ నీకోసం తోటలో బత్తాయిలు కోయించి పెట్టింది, ఖాళీ సంచి కూడా తెచ్చుకో.

ఉంటాను.
మీ మామ