లెట్రోజోల్ వేసుకునే అమ్మకు కీళ్లు పట్టేస్తుంటే వ్యాయామం చేయించొచ్చా?

చేయించొచ్చు బిడ్డా, చేయించాలి కూడా. ఇదే మందు వాడే ఇంకెవరైనా చదివితే తెలియాలని నువ్వు రాసింది మళ్లీ చెబుతున్నాను. పరకాలలో ఉండే మీ అమ్మకు 57 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్, రేడియేషన్ అయ్యాక రోజూ లెట్రోజోల్ వేసుకుంటోంది. పొద్దున లేస్తే వేళ్లు ముడుచుకోవు, మోకాళ్లు బిగుసుకుపోతాయి. ఎముకల గట్టిదనం కొలిచే డెక్సా స్కాన్‌లో టి-స్కోర్ మైనస్ 1.8 వచ్చింది. డాక్టరేమో వ్యాయామం చేయమన్నారు, అమ్మేమో ఉన్న ఎముకలు కూడా విరుగుతాయని భయపడుతోంది. చుట్టాలు గోలీ మానేయమంటున్నారు.

ముందు గోలీ సంగతి. దయచేసి డాక్టర్‌కు చెప్పకుండా మానేయనివ్వకు. నెలసరి ఆగిపోయాక కూడా కొవ్వులోనూ కండల్లోనూ ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ కొంచెం తయారవుతూనే ఉంటుంది. లెట్రోజోల్, అనస్ట్రోజోల్, ఎక్సిమెస్టేన్ అనే మూడు మందులూ ఆ తయారీని ఆపేస్తాయి. మీ అమ్మకు వచ్చిన రకం క్యాన్సర్ ఈస్ట్రోజన్ తోనే పెరుగుతుంది కాబట్టి ఐదేళ్లు, కొందరికి ఇంకా ఎక్కువ కాలం వీటిని వాడతారు. ఎముకలను కాపాడేదీ ఆ ఈస్ట్రోజనే. అది దాదాపు లేకుండా పోయేసరికి ఎముక పలచబడుతుంది, వాడేవాళ్లలో సుమారు సగం మందికి కీళ్లు నొప్పి పెడతాయి. అంటే అమ్మది వయసు నొప్పే అని సరిపెట్టుకోవద్దు. టామాక్సిఫెన్ అనే ఇంకో రొమ్ము క్యాన్సర్ మందు వాడే వాళ్లతో పోల్చుకోవద్దు కూడా. నెలసరి ఆగిన వాళ్లలో ఆ మందు ఎముకకు కాస్త మేలే చేస్తుంది.

నేను హన్మకొండలో జాకెట్లు కుడతాను. అనస్ట్రోజోల్ మొదలుపెట్టి మూడేళ్లు దాటింది. మొదట్లో పొద్దున కత్తెర పట్టుకుంటే బొటనవేలు మడత దగ్గర ఇరుక్కుపోయేది. రెండో చేత్తో పట్టి లాగితే టక్కుమని తెరుచుకునేది. లైనింగ్ గుడ్డ కత్తిరించడానికి కూడా పట్టు ఉండేది కాదు. జొన్నరొట్టె కొట్టడం కోడలికి అప్పజెప్పాను. పదకొండు దాటేసరికి మాత్రం చేతులు తేలికయ్యేవి. కదలకుండా ఉంటే బిగుసుకోవడం, కదిలేకొద్దీ వదులవడం ఈ గోలీ నొప్పుల తీరని నన్ను చూసిన ఫిజియోథెరపిస్ట్ చెప్పింది. మీ అమ్మకు కూడా పొద్దునే ఎక్కువంటున్నావు కదా, ఆమె భయం తీరడానికి ఈ ఒక్క మాట చెప్పి చూడు.

దీని మీద పరిశోధన కూడా ఉంది. అమెరికాలో యేల్ యూనివర్సిటీ వాళ్లు ఇవే మందుల వల్ల కీళ్ల నొప్పులున్న 121 మంది ఆడవాళ్లను ఏడాది పాటు గమనించారు. కొందరితో వారానికి 150 నిమిషాల నడకలాంటి వ్యాయామం, రెండుసార్లు బరువుల వ్యాయామం చేయించారు. వాళ్లలో బాగా ఎక్కువగా ఉన్నప్పటి నొప్పి 29 శాతం తగ్గింది. మామూలుగా ఉన్న వాళ్లలో 3 శాతం పెరిగింది. నొప్పి పూర్తిగా పోతుందని దీనర్థం కాదు. కానీ గోలీ కొనసాగించే ఓపిక రావడానికి ఆ మాత్రం తగ్గుదల చాలు, నాకు చాలింది.

ఇక్కడ నేను గట్టిగా చెప్పేది బరువుల గురించి. మన దగ్గర వ్యాయామం అనగానే వాకింగ్ అంటారు. భద్రకాళి చెరువు కట్ట మీద పొద్దునే నడిచే ఆడవాళ్లు ఎంతోమంది, నేనూ నడుస్తాను. నడకతో మోకాళ్లు వదులవుతాయి, బరువు అదుపులో ఉంటుంది, మనసు తేలికపడుతుంది. కానీ మణికట్టుకూ వెన్నెముకకూ నడక సరిపోదు. కండ గట్టిగా లాగితేనే ఎముకకు బలంగా ఉండాల్సిన అవసరం వస్తుంది. దానికి జిమ్ అక్కర్లేదు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి మెల్లగా కూర్చోవడం. గోడకు రెండు చేతులూ ఆనించి, మోచేతులు మడుస్తూ గోడ వైపు వంగి వెనక్కి నెట్టుకోవడం. వంటగట్టు పట్టుకుని మడమలు లేపడం. నీళ్లు నింపిన అరలీటరు సీసా, అంటే అరకిలో, చేత్తో పట్టుకుని మోచేయి మడవడం. ఒక్కోటి ఎనిమిది పది సార్లు, వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో ఒకరోజు విరామం. తేలికైపోయిందనిపిస్తే లీటరు సీసా పట్టాలి. ఎప్పటికీ అరలీటరు దగ్గరే ఆగిపోతే పెద్దగా లాభం లేదు.

గోడ పక్కన ఒంటికాలి మీద నిలబడడం కూడా నేర్పించు. చిన్నదిగా కనిపిస్తుంది గానీ, పలచబడ్డ ఎముక విరిగేది ఎక్కువగా పడిపోయినప్పుడే. బాత్రూంలో తడి నేల, గడప దగ్గర జారే పట్టా, ఇవి ఈరోజే సరిచేయి.

వేళ్లకైతే పొద్దున గోరువెచ్చని నీళ్లలో చేతులు పెట్టి పిడికిలి మూయడం, తెరవడం, ఒక్కో వేలి కొసను బొటనవేలికి తాకించడం. మెత్తటి తువ్వాలును ముద్దచేసి పిసకొచ్చు. వేలు ఇరుక్కుపోతుంటే మాత్రం బలంగా పిసకొద్దు, డాక్టర్‌కు చూపించాలి. అరచేతిలో తిమ్మిర్లు, రాత్రి మంట ఉంటే అదీ చెప్పాలి. మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోవడం ఈ మందుతో వస్తుంది.

క్యాన్సర్ ఆపరేషన్‌లో చంకలో గడ్డలు తీసిన వైపు చేత్తో ఏమీ ఎత్తొద్దని చాలామంది భయపెడతారు. తక్కువ బరువుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుకుంటే చెయ్యి వాపు పెరగదని పరిశోధనల్లో తేలింది. ఇప్పటికే వాపు ఉంటే ముందు ఫిజియోథెరపిస్ట్‌కు చూపించి, స్లీవ్, అంటే చేతికి వేసుకునే బిగుతు తొడుగు, వేసుకుని చేయాలి. చేసిన మర్నాడు చెయ్యి బరువుగా, గాజులు బిగుతుగా అనిపిస్తే ఆపి అడగాలి.

టి-స్కోర్ మైనస్ 1.8 అంటే ఎముక పలచబడడం మొదలైంది, మైనస్ 2.5కి దిగితే ఆస్టియోపొరోసిస్, అంటే ఎముకలు గుల్లబారడం, అంటారు. ఇప్పటినుంచే నడుం వంచి కాలివేళ్లు అందుకునే ఆసనాలు, బిందె ఎత్తుతూ నడుం తిప్పడం మాన్పించు. బతుకమ్మ ఆడొచ్చు, నడుం బాగా వంచకుండా మోకాళ్లు కొంచెం మడిచి చప్పట్లు కొట్టమను. వీపులో కొత్తగా నొప్పి మొదలై తగ్గకపోయినా, రాత్రిళ్లు నిద్రలేపినా వ్యాయామం ఆపి వెంటనే ఆంకాలజిస్ట్‌కు, అంటే క్యాన్సర్ డాక్టర్‌కు, చూపించాలి. అది ఆలస్యం చేసే విషయం కాదు.

వ్యాయామం ఒక్కదానితోనే టి-స్కోర్ మామూలుకు వస్తుందని నీకు ఆశ పెట్టను. తిండితో, కాల్షియం గోలీతో కలిపి రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం అందాలి. గ్లాసు పాలల్లో 300 దాకా ఉంటుంది, రాగుల్లోనూ బాగా ఉంటుంది. విటమిన్ డి పరీక్ష చేయించు. అమ్మకు థైరాయిడ్ గోలీ ఉంటే దానికీ కాల్షియం గోలీకీ నాలుగు గంటల తేడా ఉండాలి. డాక్టర్ ఎముకలకు జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షన్ రాస్తే, దానికి ముందే పళ్ల డాక్టర్‌కు చూపించండి. పీకాల్సిన పన్ను ఉంటే ముందే పీకించుకోవాలి.

రెండు మూడు నెలలు ఇలా చేసినా నొప్పి భరించలేనట్టే ఉంటే, అప్పుడు కూడా గోలీ మానొద్దు. "మందు మార్చి చూద్దామా" అని ఆంకాలజిస్ట్‌ను అడగండి. లెట్రోజోల్ పడని వాళ్లలో కొందరికి అనస్ట్రోజోల్ గానీ ఎక్సిమెస్టేన్ గానీ పడుతుంది. ఏ కీలు, ఏ పూట, ఎంతసేపు బిగుసుకుంటోందో ఒక కాగితం మీద రాసి తీసుకెళ్తే ఆయనకు తేల్చడం సులువవుతుంది.