అధ్యక్షుడు మారితే ఆట మారుతుందా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: జపాన్ గేమ్ సంస్థ నింటెండో అధ్యక్షుడు సతోరు ఇవాటా 2015లో మరణించాక, బ్యాంకు ఉద్యోగ నేపథ్యం ఉన్న తత్సుమి కిమిషిమ ఆ పదవిలోకి వచ్చారు. ఆయన హయాంలో 2017లో విడుదలైన స్విచ్ కన్సోల్ (గేమ్‌లు ఆడే యంత్రం), దానితో పాటే వచ్చిన జెల్డా గేమ్ ఘనవిజయం సాధించాయి. అంటే గేమ్‌లు తయారుచేసే సంస్థకు అధిపతి ఎవరైనా ఒకటేనా? సృజన అంతా డిజైనర్లదేనా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మీ ప్రశ్నలో కాలానికి సంబంధించిన ముడి ఒకటి ఉంది. ముందుగా దాన్ని విప్పాలి. ఒక పెద్ద గేమ్ తయారుకావడానికి మూడు నుంచి ఐదేళ్లు పట్టడం ఈ రంగంలో మామూలు. అందువల్ల కొత్త అధిపతి పదవిలోకి వచ్చిన తొలి రెండేళ్లలో విడుదలయ్యేవి దాదాపుగా పాత అధిపతి అనుమతించినవే అయి ఉంటాయి. స్విచ్ విషయంలో జరిగింది కూడా ఇదే. ‘ఎన్‌ఎక్స్’ అనే సంకేతనామంతో కొత్త యంత్రం తయారీలో ఉందని 2015 మార్చిలో ప్రకటించింది ఇవాటాయే. ఆ జులై 11న, 55 ఏళ్ల వయసులో ఆయన మరణించారు. మీరు చెప్పిన జెల్డా గేమ్ కూడా నిజానికి 2015లోనే వీ యూ కన్సోల్ మీద రావలసినది. దాన్ని ఇంకా మెరుగుపరచడానికి వ్యవధి కావాలని తయారీదారులు కోరినప్పుడు, గేమ్‌లు లేక కన్సోల్ అమ్మకాలు కుంగిపోతున్న ఆ రోజుల్లో కూడా నింటెండో విడుదలను వాయిదా వేసింది. ఆ నిర్ణయం తీసుకునే అధికారం డిజైనర్ల చేతిలో ఉండదు. అధిపతి సృజనకు చేసే మేలు గానీ కీడు గానీ ఎక్కువగా ఇలాంటి చోటే జరుగుతుందని నా అభిప్రాయం.

నింటెండోను 1949 నుంచి 2002 వరకు నడిపిన హిరోషి యమౌచి సంస్థాపకుడి మునిమనవడు. 1889లో క్యోటోలో హనఫుడా పేకముక్కల తయారీతో మొదలైన ఆ సంస్థ బాధ్యత ఆయనకు ఇరవై ఏళ్లు దాటిన కొత్తలోనే దక్కింది. ఆయనకు వీడియో గేమ్‌లు ఆడే అలవాటు లేదు, అయినా ఏ గేమ్ విడుదల కావాలో, ఏది ఆగిపోవాలో ఆయనే తేల్చేవారు. యంత్రాల నిర్వహణ చూసే గున్‌పే యొకోయి అనే ఉద్యోగి ఖాళీ సమయంలో సరదాకు తయారుచేసుకున్న సాగే చేతిని చూసి, పని ఎగ్గొట్టినందుకు మందలించకుండా, దాన్ని అమ్మకానికి పనికొచ్చే బొమ్మగా మార్చమని ఆదేశించారు. 1966లో ‘అల్ట్రా హ్యాండ్’ పేరుతో వచ్చిన ఆ బొమ్మ పది లక్షలకు పైగా అమ్ముడైంది. అదే యొకోయి తర్వాతి కాలంలో చేతిలో పట్టుకుని ఆడే గేమ్ అండ్ వాచ్‌నూ గేమ్ బాయ్‌నూ తీర్చిదిద్దారు. అమెరికాలో నాణెం వేసి ఆడే ‘రాడార్ స్కోప్’ గేమ్ యంత్రాలు అమ్ముడుపోక గోదాములో మిగిలిపోయినప్పుడు, వాటిలోకి కొత్త గేమ్‌ను రూపొందించే పనిని యమౌచి ప్రోగ్రామింగ్ అనుభవమే లేని షిగెరు మియమోతో అనే యువ చిత్రకారుడికి అప్పగించారు. 1981లో వచ్చిన ‘డాంకీ కాంగ్’ అలా పుట్టింది. మారియో మొదటిసారి కనిపించింది అందులోనే.

అయితే ఒక్క మనిషి అభిరుచి మీద ఆధారపడిన వ్యవస్థకు ఆ మనిషి పట్టుదలే హద్దు కూడా అవుతుంది. పోటీదారులు సీడీలకు మారుతున్న కాలంలో నింటెండో 64 కన్సోల్ క్యాట్రిడ్జ్‌లనే (గేమ్‌ను నిల్వచేసే ప్లాస్టిక్ పెట్టెలు) నమ్ముకోవడంతో, అప్పటివరకు నింటెండోతో ఉన్న స్క్వేర్ సంస్థ తన ‘ఫైనల్ ఫాంటసీ’ని సోనీ ప్లేస్టేషన్‌కు తరలించింది. ఎంత గొప్ప గేమ్ డిజైనర్ ఉన్నా పూడ్చలేని లోటు అది.

2002లో యమౌచి తన వారసుడిగా కుటుంబం బయటివాడైన ఇవాటాను ఎంచుకోవడమే ఆయన చివరి పెద్ద సృజనాత్మక నిర్ణయమని నేను భావిస్తాను. ఇవాటా స్వయంగా ప్రోగ్రామర్. అంతకుముందు అప్పుల్లో మునిగిన హాల్ లాబొరేటరీ అనే గేమ్ సంస్థ పగ్గాలను 1993లో చేపట్టి నిలబెట్టినవారు. నింటెండోకు అధ్యక్షుడైన నాటికి గేమ్‌క్యూబ్ కన్సోల్ ప్లేస్టేషన్ 2 ముందు తేలిపోతోంది. దాని మొత్తం అమ్మకాలు చివరికి 2.17 కోట్ల దగ్గర ఆగాయి. ఇవాటా మాత్రం ప్రత్యర్థి కన్నా శక్తిమంతమైన యంత్రం కోసం పరుగెత్తలేదు. అసలు గేమ్‌లు ఆడనివాళ్లను ఆటలోకి ఎలా తేవాలి అనే ప్రశ్నను డిజైనర్ల ముందు పెట్టారు. 2004 నాటి చేతి కన్సోల్ డీఎస్‌లోని రెండు తెరలు యమౌచి సూచనే అయినా, మెదడుకు కసరత్తు ఇచ్చే చిన్న లెక్కల గేమ్‌ను 1.9 కోట్ల మంది కొనే స్థాయికి తీసుకెళ్లింది ఇవాటా వేసిన ప్రశ్నే. డీఎస్ 15.4 కోట్లు, 2006లో వచ్చిన వీ 10.16 కోట్లు అమ్ముడయ్యాయి.

ఆయన విజయాల కన్నా వైఫల్యాల కాలమే మీ ప్రశ్నకు సరైన జవాబు ఇస్తుంది. 2011లో దాని తర్వాతి తరం చేతి కన్సోల్ 3డీఎస్ ఆశించినట్టు అమ్ముడుపోక కొద్ది నెలలకే అమెరికాలో దాని ధరను దాదాపు 250 డాలర్ల నుంచి 170కి తగ్గించవలసి వచ్చినప్పుడు ఆయన తన జీతాన్ని సగానికి తగ్గించుకున్నారు. 2012లో వచ్చిన వీ యూ అంతకన్నా పెద్ద దెబ్బ. దాని మొత్తం అమ్మకాలు 1.36 కోట్లే. 2014లో ఆయన కొన్ని నెలలపాటు జీతాన్ని మళ్లీ సగం చేసుకున్నారు. ఉద్యోగులను ఎందుకు తగ్గించరని వాటాదారులు అడిగితే, ఉద్యోగం పోతుందేమోనని భయపడే మనిషి ప్రపంచాన్ని మెప్పించే గేమ్ తయారుచేయలేడన్న భావంతో జవాబిచ్చారు. ఆ మాట ఉత్తి మర్యాద మాట కాదని చెప్పడానికి ‘స్ప్లాటూన్’ ఒక్కటి చాలు. తోఫు ముక్కల్లాంటి దిమ్మెలు ఒకదానిమీద ఒకటి సిరా చల్లుకునే నమూనా నుంచి ఎదిగి, నింటెండోలోని కొత్త తరం సృష్టికర్తలు ముందుండి తీర్చిదిద్దిన ఈ గేమ్, సంస్థ కష్టాల మధ్యలోనే 2015 మేలో విడుదలైంది. నష్టాల్లో ఉన్న సంస్థలు సాధారణంగా పాత పేర్లకు కొత్త అంకె తగిలించి అమ్ముకుంటాయి. ఇక్కడ మాత్రం పూర్తిగా కొత్త ప్రపంచం ఒకటి పుట్టింది.

కిమిషిమకు దక్కవలసిన గౌరవం వేరే చోట ఉంది. ఆయన తాను ఇవాటాను కానని గుర్తించి, మియమోతోనూ యంత్రాల రూపకల్పన చూసే గెన్యో తకెదానూ సలహాదారుల స్థానంలో నిలిపి, విడివిడిగా ఉన్న రెండు ప్రధాన గేమ్ తయారీ విభాగాలను 2015 సెప్టెంబరులోనే కలిపి, తనకు తెలియని పనిలో వేలు పెట్టకుండా పూర్తికావలసినదాన్ని పూర్తికానిచ్చారు. బ్యాంకు నుంచి వచ్చిన మనిషి సృజనను కాపాడలేడన్న అభిప్రాయం ఈ ఉదాహరణ ముందు నిలవదు.

ప్రశ్న: అయితే గేమ్ తయారీ తెలియని అధిపతి వల్ల నిజంగా నష్టపోయిన సంస్థ ఏదైనా ఉందా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: అటారీ ఉంది. 1972లో మొదలైన ఈ అమెరికన్ సంస్థను 1976లో వినోద సంస్థ వార్నర్ 2.8 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. వ్యవస్థాపకుడు నోలన్ బుష్‌నెల్ నిష్క్రమించాక, వస్త్ర పరిశ్రమలో పేరుపొందిన రే కసార్ దాన్ని నడిపారు. న్యాయంగా చెప్పాలంటే వ్యాపారంలో ఆయన విఫలుడు కాదు. ‘స్పేస్ ఇన్వేడర్స్’ హక్కులు తీసుకుని 1980లో ఇంటి కన్సోల్ మీదకు తెచ్చిన కాలంలో అటారీ అమ్మకాలు అనేక రెట్లు పెరిగాయి. ఆయనకు అర్థం కానిది గేమ్‌ను ఎవరు తయారుచేస్తున్నారన్న సంగతి. సంస్థ ఆదాయంలో పెద్ద భాగం తమ గేమ్‌ల నుంచే వస్తోందని తెలుసుకున్న నలుగురు ప్రోగ్రామర్లు పేరు, న్యాయమైన వాటా అడిగితే, కార్ఖానా వరుసలో పెట్టెలు బిగించేవారి కన్నా మీరు ఎక్కువేమీ కాదన్న ధోరణిలో సమాధానం వచ్చిందని వాళ్లు తర్వాత చెప్పారు. కార్మికులను తక్కువ చేయడం, ప్రోగ్రామర్లను తక్కువ చేయడం రెండూ ఆ ఒక్క మాటలోనే జరిగాయి.

ఆ నలుగురూ బయటికి వెళ్లి 1979లో యాక్టివిజన్‌ను స్థాపించారు. కన్సోల్ తయారీదారుతో సంబంధం లేకుండా గేమ్‌లు తయారుచేసి ప్రచురించిన మొదటి సంస్థ అదే. అక్కడ డిజైనర్ పేరు పాఠకులకు రచయిత పేరు తెలిసినట్టు కొనేవాళ్లకు తెలిసేది. అటారీలోనే ఉన్న వారెన్ రాబినెట్ అయితే ‘అడ్వెంచర్’ గేమ్ లోపల ఒక రహస్య గదిలో తన పేరు దాచుకోవలసి వచ్చింది. ఇక 1982లో ‘ఈటీ’ చిత్రం హక్కుల ఒప్పందాన్ని వార్నర్ పైస్థాయిలో కుదుర్చుకుని, పండుగ అమ్మకాలకు అందాలని గేమ్ తయారీకి సుమారు అయిదు వారాల గడువే ఇచ్చారు. దాన్ని రాసిన హోవర్డ్ స్కాట్ వార్షా అంతకుముందు ‘యార్స్ రివెంజ్’ వంటి చక్కని గేమ్ చేసినవారు. ప్రతిభ లోపించలేదు, వ్యవధి లోపించింది. 1983లో అటారీ నష్టాలు యాభై కోట్ల డాలర్లు దాటే దిశగా సాగుతుండగా కసార్ పదవి వదులుకున్నారు. అమ్ముడుపోని క్యాట్రిడ్జ్‌లు న్యూ మెక్సికోలోని అలమొగోర్డో చెత్త గోతిలోకి వెళ్లాయి.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది తర్వాతి కథ. సృష్టికర్తకు గౌరవం కావాలని పుట్టిన యాక్టివిజనే, మరో నాయకత్వంలో, 2008లో వివెండి గేమ్స్‌తో విలీనం తర్వాత ‘బ్రూటల్ లెజెండ్’ వంటి గేమ్‌లను వదులుకుంది. ఏటా, ప్రతి యంత్రం మీదా కొత్త భాగం తీయడానికి వీలుపడే గేమ్‌ల మీదే దృష్టి పెడతామని అప్పటి అధిపతి బాబీ కొటిక్ మదుపరులకు చెప్పారు. ‘గిటార్ హీరో’ను ఆ పద్ధతిలోనే ఒకే ఏడాదిలో పలు రూపాల్లో అమ్మారు. జనానికి మొహం మొత్తింది, 2011 ఫిబ్రవరిలో ఆ విభాగాన్నే మూసేశారు.

ప్రశ్న: నేను హైదరాబాదులో ఒక విదేశీ పబ్లిషర్‌కు చెందిన స్టూడియోలో యానిమేటర్‌ని. మా సంస్థకు కొత్త అధిపతి వచ్చారు. మంచి రోజులో చెడ్డ రోజులో ముందుగా తెలుసుకునే మార్గం ఉందా?
– పేరు రాయవద్దన్న పాఠకుడు

జవాబు: ఆయన తొలి ప్రసంగాన్ని బట్టి గానీ, ఆ ఏడాది విడుదలయ్యే గేమ్‌లను బట్టి గానీ నిర్ణయానికి రావద్దు. మొదటిది అందరూ ఒకేలా చేస్తారు, రెండోవి పాత నాయకత్వం విత్తినవి. ఆపేసిన ప్రాజెక్టుల జాబితా చూడండి. అందులో ఉన్నవి నిజంగా ముందుకు సాగనివా, లేక పేరు లేని కొత్త ఆలోచనలు కావడమే వాటి దోషమా అన్నది గమనించండి. ఏ గేమ్ కొనసాగాలో తేల్చే సమావేశంలో ఇంతకుముందు కూర్చున్న డిజైనర్లు ఇప్పుడూ కూర్చుంటున్నారా, వాళ్ల కుర్చీల్లోకి అమ్మకాల విభాగంవారు మాత్రమే వచ్చారా అన్నది అంతకన్నా ముఖ్యం. ఒక గేమ్ విఫలమైన వారంలో ఏం జరిగిందో చూస్తే మిగిలినది అర్థమవుతుంది: కోత పైనుంచి మొదలైందా, కిందనుంచి మొదలైందా?

మీ స్టూడియో ప్రధాన కార్యాలయానికి దూరంగా ఉండడం వల్ల ఈ సంగతులు మీకు ఆలస్యంగా చేరతాయి. అందుకని మీ బృందంలో అనుభవం ఉన్నవారు రాజీనామా చేసినప్పుడు, వాళ్లు ఎక్కడికి వెళ్తున్నారన్నది కాకుండా ఏ పని ఇక్కడ చేయలేక వెళ్తున్నారో అడగండి. జవాబు జీతం గురించి అయితే కంగారు పడనక్కరలేదు. ఇద్దరు ముగ్గురు వరుసగా తాము చేయదలచుకున్న గేమ్ ఇక్కడ సాధ్యం కాదని చెబితే, మీ పని నమూనాలు సిద్ధం చేసుకోవడం మొదలుపెట్టండి. ఒప్పందం అనుమతించే మేరకు మాత్రమే వాటిని బయట చూపండి.